అంచులో రాసిన పేరు

వెంకటేశ్వరికి ఊఁ కొట్టడం ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఎవరు ఏ ముచ్చట మొదలుపెట్టినా చేతిలో పని ఆపకుండానే “ఊఁ” అంటుంది. చెప్పేవాళ్ళు కాస్త నెమ్మదిస్తే “ఊఁ, ఆపైన?” అంటుంది. ఊఁ కొట్టే మనిషి లేకపోతే కథ దారి తప్పి అడవిలో పడుతుందని రాయచోటి పక్క పల్లెల్లో ముసలమ్మలు చెప్పేవారు. ఆ అలవాటు ఆమెతోపాటే విమానమెక్కి కువైట్ వచ్చింది. సబా అల్ సలేంలో ఒక పెద్దింట్లో, లోకంలో ఎవరూ అడగని సంగతులు చెప్పే ఒక పెద్దావిడకి అది కొండంత అండ అయింది.

ఆవిడ పేరు డాక్టర్ ఇఫ్ఫత్. సూదిమందు డాక్టరు కాదు, పుస్తకాల డాక్టరు. యూనివర్సిటీలో పాతకాలపు చట్టాల చరిత్ర చెప్పి రిటైరైంది. కువైట్‌లో పనిచేసే ఇంటి ఆవిడని మామా అని పిలవాలి. మనం మేనమామకీ మామగారికీ దాచుకున్న పిలుపు అక్కడ ఇంటి యజమానురాలికి పోతుంది. మొదట్లో వెంకటేశ్వరికి నోరు తిరగలేదు, నవ్వొచ్చేది. తర్వాత మామా అంటే మామాయే అయిపోయింది.

మామా గదిలో ఎన్ని పుస్తకాలున్నా ప్రాణం మాత్రం ఒక్కదాని మీదే. ఆవిడ చదువు పూర్తయిన ఏడు వాళ్ళ నాన్న లండన్ వేలంలో కొనిచ్చిన రాతపుస్తకం. ఎప్పుడో ఏడొందల ఏళ్ళనాడు ఇటలీలో చేత్తో రాసింది. క్రైస్తవుల చర్చిలో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు, ఎవరు ఎవర్ని పెళ్ళాడొచ్చు, ఎవర్ని పెళ్ళాడకూడదు, అన్నీ అందులో ఉన్నాయట. “మీకెందుకు మామా, మీరు ఆ మతం కాదు గదా?” అని వెంకటేశ్వరి వచ్చిన కొత్తల్లోనే అడిగేసింది. అడగకుండా ఉండటం ఆమె వల్ల కాదు. “పక్కింటివాళ్ళ గొడవ ఎప్పుడూ మనింటి గొడవకంటే బాగుంటుంది” అంది మామా. ఆ మాటతో ఇద్దరికీ జత కుదిరింది.

మామా చేతులకి వణుకుడు జబ్బు. పేజీ తిప్పబోతే చినిగిపోతుందని భయం. అందుకని తిప్పే పని వెంకటేశ్వరిది. సబ్బుతో చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, నూనె గానీ క్రీము గానీ తగలకుండా రావాలి. అది కాగితం కాదు, దూడ తోలు గీకి, సాగదీసి, ఆరబెట్టిన ఆకులు. తప్పెటకి బిగించే తోలులాగే ఎండకీ తేమకీ ముడుచుకుంటుంది. ఊళ్ళో తప్పెటని మంట దగ్గర కాచి వాయిస్తారు, ఇక్కడ పుస్తకాన్ని ఏసీలో చల్లార్చి చదువుతారు. తోలు బుద్ధి ఎక్కడైనా ఒకటే అనుకుంది వెంకటేశ్వరి.

పేజీ చూస్తే ఆమెకి వరిమడి గుర్తొచ్చేది. నడుమ మడిలా పెద్దక్షరాలు, చుట్టూ గట్టులా చిన్నక్షరాలు, ఆ గట్టు బయట ఇంకా సన్నంగా గీకిన రాతలు.

“నడుమ ఉన్నది చట్టం” అని చెప్పింది మామా. “చుట్టూ ఉన్నది వ్యాఖ్యానం. బయటిది ఆ వ్యాఖ్యానం మీద తర్వాతివాళ్ళ మాట.”

“ఊఁ. అంటే ఒకాయన చెప్పినాడు, పదిమంది గట్టు మింద నిలబడి కొట్లాడినారు.”

“చదువంటే అదే.”

ప్రతి చిన్న మాట చివరా ఒక అక్షరం ఉండటం వెంకటేశ్వరి కంట్లో పడింది. అదేమిటని అడిగింది. ఆ మాట చెప్పిన పండితుడి పేరులో మొదటి అక్షరమట. “మాట ఎవరిదో చెప్పకుండా వాడుకుంటే దొంగతనం” అంది మామా, దొంగ ఎవరో ఎదురుగా ఉన్నంత కోపంగా. “ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా ఎవరి మాట వాళ్ళదే.” వెంకటేశ్వరి ఊఁ కొట్టింది. ఆ మాట ఎప్పటికైనా తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడెలా తెలుస్తుంది?

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పెళ్ళి చట్టం పేజీ వచ్చింది. నిండా బొమ్మ. గడ్డం పెంచిన పెద్దాయన ఒకడు నిలబడి ఉన్నాడు. ఆయన రొమ్ము మీదా భుజాల మీదా చేతుల పొడుగునా చిన్నచిన్న చక్రాలు, ఒక్కో చక్రంలో ఒక్కో చుట్టం. తాత, ముత్తాత, పినతండ్రి, మేనత్త.

“ఈ చక్రాల్లో ఉన్న చుట్టాలెవర్నీ మనిషి పెళ్ళాడకూడదు” అంది మామా.

“మేనమామ కూడానా?”

“మేనమామ అయితే అసలే కుదరదు.”

వెంకటేశ్వరి పుస్తకం మీద ఊపిరి పడకుండా పక్కకి తిరిగి మరీ నవ్వింది. “అయితే మా ఊర్లో సగం పెండ్లిండ్లు పెటాకులే మామా! మా అమ్మ చేసుకునింది వాళ్ళ మేనమామనే.”

మామా కూడా నవ్వింది. తర్వాత నడుమ ఉన్న రాత చూపించి, ఏడు తరాల లోపు చుట్టరికముంటే పెళ్ళి చెల్లదని ఇక్కడ రాసుందని చెప్పింది. పక్కన గట్టుమీది రాత చూపించి, ఇదిగో, తర్వాత పెద్ద సభ ఒకటి జరిగి ఏడుని నాలుగు చేశారు, నాలుగు తరాలు దాటితే తప్పు లేదు అని ఈ వ్యాఖ్యాత రాశాడు అంది.

“నడిమిది ఏడంటుంది, అంచుది నాలుగంటుంది. ఏది చెల్లుతాది?”

“అంచుదే.”

ఈసారి వెంకటేశ్వరి ఊఁ అనలేదు. చీరకొంగు కింద వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది.

ఆమె ఏం లెక్కపెట్టిందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి. వెంకటేశ్వరీ ఆమె మొగుడు బాలసుబ్బయ్యా ఇద్దరూ చింతకుంట అనే ఇంటిపేరులోనే పుట్టారు. ఆమె తాతకి తాతా, అతని తాతకి తాతా సొంత అన్నదమ్ములు. ఊళ్ళు వేరై, పొలాలు వేరై, ఒకరింట్లో చావుకి ఇంకొకరింట్లో మైల పట్టడం కూడా మానేసిన దూరం. అయినా సరే, మేనమామని చేసుకోవచ్చు, మేనత్త కొడుకుని చేసుకోవచ్చు గానీ, ఒకే ఇంటిపేరు వాడు ఎన్ని తరాల అవతలవాడైనా అన్నే. చిన్నప్పుడు తిరణాలలో కనబడితే వెంకటేశ్వరి అతన్ని “అన్నా” అనే పిలిచింది. పెద్దయ్యాక మనసులు మాట వినలేదు. ఊరు వెలివేసే లోపల వాళ్ళే ఊరిని విడిచిపెట్టి, ఎవరూ ఎరగని గుళ్ళో తాళి కట్టుకుని, ఒకరి వెనక ఒకరు కువైట్ చేరారు.

ఆమె ఇక్కడ, అతను అర్దియాలో కార్ల షెడ్డులో. సెలవురోజు శుక్రవారం వచ్చిందంటే అర్దియాలో అతను ఉండే గదిలో మనవాళ్ళందరి మధ్యా కలుసుకుంటారు. “పాసుపోర్టులో నీ పుట్టింటిపేరు కూడా ఇదేనేమే?” అని ఎవరైనా అడిగితే, “ఏజెంటు తిక్కోడు, మొగుని ఇంటిపేరే రాసిపారేసినాడు” అనేది. అంతటితో సరి. కానీ ఒక్క పని మాత్రం ఆమె చేయలేకపోయింది. తక్కిన ఆడవాళ్ళంతా మొగుళ్ళని బావా అని పిలుస్తుంటే ఆమె నాలుక మాత్రం “ఏమయ్యా” దగ్గరే ఆగిపోయేది.

చిత్రమేమిటంటే ఆ గదిలో వరసలు తేల్చే పెద్దమనిషి బాలసుబ్బయ్యే. ఎవరింట్లో పెళ్ళిమాట వచ్చినా, ఫోన్లోనే ఇరుపక్కల పెద్దల పేర్లు అడిగి, ఇది కుదురుతుంది, ఇది కుదరదు అని చెప్పేవాడు. తన లెక్క తాను లోపల అన్నిసార్లు వేసుకున్నవాడికి పరాయివాళ్ళ లెక్క ఎంతసేపు?

పిల్లలు కలగలేదు. ఈ వరస తప్పిన పెళ్ళే కారణమని ఇద్దరూ లోపల అనుకునేవారు. ఒకరికొకరు మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

అందుకే ఆ మధ్యాహ్నం, ఆ అన్నదమ్ముల తండ్రి దాకా లెక్కేస్తే వేళ్ళ మీద అయిదు వచ్చేసరికి వెంకటేశ్వరికి కాళ్ళు నిలవలేదు. నాలుగు దాటింది! ఎక్కడో, ఎవరి దేశంలోనో, ఎవరి దేవుడి పుస్తకంలోనో, ఒక పెద్దమనిషి తన పెళ్ళి తప్పు కాదని అంచులో రాసిపెట్టి పోయాడు. ఊళ్ళో చెల్లేది ఇందులో చెల్లదు, ఊళ్ళో చెల్లనిది ఇందులో చెల్లుతుంది. ఆ సంతోషం కడుపులో దాగలేదు. వంటింట్లోంచి ఖర్జూరాలూ శనగలూ తెచ్చి, మామా ముందు బల్ల మీద మగవాళ్ళకి ఖర్జూరం, ఆడవాళ్ళకి శనగ చొప్పున తాతముత్తాతల్ని పేరుపేరునా పరిచింది. కొసన ఒక ఖర్జూరం పక్కన ఒక శనగ పెట్టి, “ఇది నేను మామా, ఇది ఆయన” అంది. అని ఏడ్చింది.

మామా కళ్ళు మెరిశాయి. “ఇది నేను రాసుకోవచ్చా?”

“రాసుకోండి గానీ మామా, పేర్లొద్దు. పేర్లు బయటపడితే మేము ఇక్కడ బతకలేం. ఊర్లో లేకుండా పోయినాం, ఇక్కడ గూడా లేకుండా పోతాం.”

మామా వణికే చెయ్యి ఎత్తి నెత్తిమీద పెట్టుకుని “అలా రాసీ” అంది. నీ మాట నా తలమీద పెట్టుకున్నానని అర్థం. అరబ్బులు ఊరికే అనే మాట కాదది అనుకుంది వెంకటేశ్వరి.

చలి మొదలయ్యాక షర్క్‌లో, సముద్రం పక్క హాలులో మామా ఉపన్యాసం పెట్టారు. పుస్తకాన్ని పెట్టెలో భద్రంగా తీసుకుపోయారు. వేదిక మీద దాన్ని మెత్తటి దిండు మీద పడుకోబెట్టి పేజీలు తిప్పింది వెంకటేశ్వరే. ఇస్త్రీ చీర కట్టుకుని, కడిగిన చేతులు ముందుకు పట్టుకుని నిలబడింది. వెనక ఇంత పెద్ద తెర, దాని మీద ఏమేమో బొమ్మలు. ఆమె చూపు పుస్తకం మీదే ఉంది. మామా ఇంగ్లీషులో ఏదో అని తనవైపు చెయ్యి చూపగానే హాలంతా చప్పట్లు కొట్టారు. పేజీలు బాగా తిప్పినందుకేమో అనుకుని వెంకటేశ్వరి నవ్వి దండం పెట్టింది. తెర ఆమె వీపు వెనక ఉంది మరి.

తర్వాతి శుక్రవారం అర్దియాలో మెట్లెక్కి గదిలోకి అడుగుపెట్టగానే సూరాయమ్మ ఎదురొచ్చి కావలించుకుంది. సూరాయమ్మది కోనసీమ. నోట్లో నువ్వుగింజ నానదు గానీ మనసు వెన్న. ఆమె మొగుడు భీమేశ్వరరావు ఆ హాలులోనే మైకులూ తెరలూ చూసుకుంటాడు.

“ఒసే వెంకటేశ్వరీ, ఇంత గొప్ప ముచ్చట మాకు చెప్పేవు కాదేంటే! తెర మీద మీ ఇద్దరి పేర్లూ ఇంతింతక్షరాలతో పడ్డాయంట. మా ఆయన ఫొటో తీసి గ్రూపులో ఎట్టేరు. మన తెలుగోళ్ళ పేరు అంతమంది దొరల ముందు! నాకెంత గర్వంగా ఉందనుకున్నావ్!”

“ఏం పేర్లు అక్కా?”

సూరాయమ్మ ఫోను చూపించింది. చెట్టు బొమ్మ. పైన ఒక్క చక్రం, అది రెండుగా చీలి, కిందికి దిగి, కొసన మళ్ళీ కలిసింది. కలిసిన చోట వెంకటేశ్వరి ఫొటో. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా సొంత పేరు గుర్తుపట్టడానికి ఎంత చదువు కావాలి? ఆమె పేరు, అతని పేరు, పై నుంచి కింది దాకా ప్రతి చక్రంలో చింతకుంట, చింతకుంట, చింతకుంట.

అప్పుడు తెలిసింది ఆమెకి, గదిలో సూరాయమ్మ తప్ప ఎవరూ మాట్లాడటం లేదని. సంగటి ముద్దలు పళ్ళాల్లో చల్లారిపోతున్నాయి. బాలసుబ్బయ్య గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

పుల్లయ్య గొంతు సవరించుకున్నాడు. కడపవాడు, బాలసుబ్బయ్యతో ఒకే షెడ్డులో పనిచేస్తాడు. “నేను ఫొటో పెద్దది చేసి చూసినాలేమ్మా. ఒగే కొమ్మ గదా రెండు పక్కలా. అందుకేనా తల్లీ, ఎన్నడూ బావా అని పిలవకపోతివి?”

“ఊరుకో పుల్లయ్యా” అన్నారెవరో.

“యాల ఊరుకోవాల? మా చెల్లెలి కూతురు ఒక పిల్లోన్ని చేసుకుంటాననె. ఈయప్ప తాతల పేర్లడిగి, వాళ్ళు దాయాదులైతారు పుల్లయ్యా, వరస గాదు, పాపం తగుల్తాది అనె. ఆ మాట పట్టుకోని నేనే పోయి ఆ పెండ్లి చెడగొడ్తి. ఆ పిల్ల ఈపొద్దుటికీ నాతో మాట్లాడదు. నీకు లేని పాపం మా పిల్లకెట్ల వచ్చె బాలసుబ్బయ్యా? చెప్పు. నిన్ను దేవునిమాదిరి నమ్మితిమే!”

సూరాయమ్మకి అప్పటికి అర్థమైంది. “అయ్యో, అయ్యో, మా ఆయనకి తెలీదే తల్లీ, ఒట్టు, పేర్లు చూసి మురిసిపోయేరు గానీ...” అంటూ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మీద కోపం ఎలా వస్తుంది? గర్వపడటం కూడా నేరమా?

బాలసుబ్బయ్య లేచి మెట్ల మీదికి పోయాడు. వెంకటేశ్వరి వెనకే పోయింది. కింద షెడ్డులన్నీ శుక్రవారం కాబట్టి మూసి ఉన్నాయి.

“నువ్వే చెప్పినావా?”

“చెప్పినా.”

“యాల?”

ఆమె ఏడు తరాల మాట, నాలుగు తరాల మాట, గట్టుమీది రాత, అంతా చెప్పింది. అతను వింటూ వింటూ వేళ్ళు మడిచాడు. నూనె మరకలు పోని ఆ వేళ్ళ మీద కూడా అయిదే వచ్చింది. చాలాసేపు ఆ చేతినే చూసుకున్నాడు.

“మనకు బిడ్డల్లేంది ఇందుకేనేమో అని నేను లోపల్లోపల కాలిపోతాంటిని.”

“నేనూ అదే అనుకుంటాంటినయ్యా.”

“ఇది నీకు ఎప్పుడు తెలిసె?”

“ఎండాకాలంలో.”

“చలికాలమొచ్చె. ఇన్ని శుక్రవారాలు నా పక్కన కూచోని తింటివి. నా గుట్టు తీసుకపోయి ఆమెకి చెప్తివి. ఆమె చెప్పిన చల్లని మాట తెచ్చి నాకు చెప్పలేకపోతివా?”

చెబితే, గుట్టు విప్పానని కూడా ఒప్పుకోవాలి. అందుకే చెప్పలేదు. అది అతనికీ తెలుసు. అతను గదిలోకి పోలేదు. మెట్లు దిగి, మూసిన షెడ్డుల వెంట నడుచుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని ఆమె చూసింది. తిరగలేదు.

సబా అల్ సలేం వచ్చి, చెప్పులు విప్పి, తిన్నగా మామా గదిలోకి పోయింది.

“పేర్లొద్దంటిని మామా.”

మామాకి ముందు ఏ సంగతో అందలేదు. అందాక ముఖం వికసించింది. “చూశావా? అందరూ నీ గురించే అడిగారు! నీ మాట నా మాటగా చెప్పుకుంటే నేను దొంగనవుతాను. ఆ పుస్తకంలో ప్రతి మాట కిందా దాని మనిషి అక్షరం ఉంది. నేను నీ పేరు పెట్టాను. నా జీవితంలో ఎంతమంది నా మాటలు వాడుకుని నా పేరు మింగేశారో నీకు తెలియదు. నీకు ఆ అన్యాయం చేయకూడదనుకున్నాను.”

“తలమీద చెయ్యి పెట్టుకున్నారు.”

“ఆ హాలులో నిన్ను ఎరిగినవాళ్ళెవరున్నారు, వెంకటేశ్వరీ?”

“మైకు పెట్టినాయన ఉన్నాడు మామా. కుర్చీలేసినోళ్ళు, టీ ఇచ్చినోళ్ళు ఉన్నారు. కుర్చీల్లో కూచున్నోళ్ళనే లెక్కపెట్టుకున్నారు మీరు. నిలబడినోళ్ళని పెట్టుకోలేదు.” అరబ్బీలో ఇంత పెద్ద మాట ఆమె ఎప్పుడూ అనలేదు. “అందరి మాటల కిందా పేరుండాలంటారే, మరి మీరు నాకిచ్చిన మాట కింద ఎవరి పేరుంది?”

“ఖలాస్, ఆ బొమ్మలోంచి పేర్లు తీయించేస్తాను. ఇప్పుడే ఫోన్ చేస్తాను” అంటూ మామా ఫోను కోసం తడుముకుంది. వేళ్ళు వణికి ఫోను కిందపడింది. వెంకటేశ్వరి తీసిచ్చింది. తెర మీది బొమ్మ తీయించొచ్చు. పుల్లయ్య కళ్ళల్లోంచి ఎవరు తీయించగలరు?

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటి వేళకే మామా పుస్తకం తెరవమంది. వెంకటేశ్వరి సబ్బుతో చేతులు కడుక్కుంది, తడి లేకుండా తుడుచుకుంది, వచ్చి నిలబడింది. ఆనాడు వచ్చింది మాట ఇచ్చి తప్పినవాళ్ళ గురించిన పేజీయో, చర్చి భూముల పేజీయో ఆమెకి తెలియదు. అడగలేదు.

మామా చెప్పటం మొదలుపెట్టింది. నడుమ ఏముందో చెప్పింది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అంచులో ఏముందో చెప్పింది. అక్కడ ఇద్దరు పండితులు భలే కొట్టుకున్నారని, ఒకడు ఇంకొకణ్ణి గాడిద అన్నాడని, వెంకటేశ్వరి నవ్వే చోటు చూసుకుని మరీ చెప్పింది. ఆ మాటలన్నీ వెళ్ళి గోడకి తగిలి కిందపడ్డాయి. మామా గొంతు నెమ్మదించింది, తడబడింది, చెప్పిందే మళ్ళీ చెప్పింది. చివరికి ముసలావిడ తలెత్తి, ఇన్నేళ్ళుగా విని నేర్చుకున్న శబ్దాన్ని తనకు చేతనైనట్టు తానే అంది.

“ఊఁ?”

వెంకటేశ్వరి చేతులు ముందుకు పట్టుకుని అలాగే నిలబడింది.

“పేజీ తిప్పమంటారా, మామా?”